ఏడవకుండా కావలించుకోవడం ఎలా

మా బీరన్నగూడెంలో పెద్దవాళ్ళు ఒకరినొకరు కావలించుకునే సందర్భం ఒక్కటే. ఎవరో ఒకరు పోయి ఉండాలి.

పోయినవాళ్ళ వాకిట్లో కాలు పెడుతూనే చుట్టాలావిడ ఇంటావిడ మెడ చుట్టూ చేతులు వేస్తుంది. ఇద్దరూ భుజం మీద తల వాల్చుకుని శోకం ఎత్తుకుంటారు. శోకమంటే ఊరికే ఏడవడం కాదు. దానికి రాగం ఉంది, మాటలున్నాయి. పోయినవాడు ఏ మందను ఏ గుట్ట మీద కాచాడో, ఏ పండక్కి చీర తెస్తానని తేలేదో, అన్నీ అందులో వస్తాయి. మగవాళ్ళం అరుగు మీద కూర్చుని బీడీలు కాలుస్తూ వింటాం. ఊరి సంగతులు మాకు చాలావరకు అట్లా తెలిసినవే. మిగతా రోజుల్లో ఒకరినొకరు ముట్టుకునే పని పెట్టుకోం. దుబాయి నుంచి మనిషి దిగితే ‘ఎప్పుడొస్తివి’ అంటాం. అదే ఎక్కువ.

శోకానికి ఒక కట్టుబాటు ఉంది. అందులో అన్న మాట అందులోనే ఉండాలి. బయటికి వచ్చాక దాన్ని ఎవరూ మోయకూడదు. మోస్తే అది చాడీ అవుతుంది. అన్నావిడను ఎందుకన్నావని అడగనూ కూడదు. జవాబు చెప్పాలనుకుంటే మళ్ళీ ఒకసారి పట్టుకుని ఏడ్చేటప్పుడు చెప్పుకోవాలి. అంతవరకూ ఆగాలి.

ఐలవ్వ, బీరవ్వ అక్కచెల్లెళ్ళు. ఇద్దరూ మా ఊరికే కోడళ్ళుగా వచ్చారు, ఒకే వీధిలో ఉంటారు. వాళ్ళ తల్లి పోయిన రోజు ఐలవ్వ శోకం ఎత్తుకుని, కడసారి చూపుకు చిన్నబిడ్డ రాకపాయెనే అవ్వా, తొవ్వ జూసి జూసి కన్ను మూస్తివే అని ఏడ్చింది. చిన్నబిడ్డ అంటే బీరవ్వ. ఆమె రాలేకపోవడానికి కారణం ఉంది. మొగుడు కొమురయ్యకు అప్పుడే నడుము పడిపోయింది. అతణ్ణి మంచం మీద వదిలి ఆమె కదలడానికి లేదు, తల్లి పోయాకే రాగలిగింది. ఆ మాట అక్కడే, అక్క మెడ మీద వాలి చెప్పుకోవలసింది. ఆమె చెప్పుకోలేదు. చేతులు విడిపించుకుని వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఊళ్ళో ఎవరు పోయినా ఒకరు పొద్దున పోయి ఏడ్చివస్తే, రెండోవాళ్ళు పొద్దు వాలాక పోయేవాళ్ళు. ఇక మిగిలిన దారి ఒక్కటే. ఇద్దరిలో ఒకరింట్లో ఎవరైనా పోవాలి. అప్పుడు రెండోవాళ్ళు పోయి పట్టుకోక తప్పదు. ఈ సంగతి మంచంలో ఉన్న కొమురయ్యకూ తెలుసు. చూడబోయినవాళ్ళతో నవ్వుతూ అనేవాడు:

“నేను వోతెగని ఈ అక్కచెల్లెండ్లు గల్వరు. నాకేమొ పానం వోదాయె.”

అట్లా ఉండగా ఐలవ్వ సర్పంచి అయింది. సీటు ఆడవాళ్ళకు వచ్చింది, మొగుడు నామినేషన్ వేయించాడు, ఊరు గెలిపించింది. ఆ తరవాతే ఇటలీవాళ్ళు వచ్చారు.

వాళ్ళ ఊరి పేరు కాస్తెల్‌పెకోరా. అక్కడా గొర్రెలే, మా దగ్గరా గొర్రెలే. వాళ్ళూ ఉన్నితో కంబళ్ళు నేస్తారు, మేమూ గొంగళ్ళు నేస్తాం. తేడా ఏమిటంటే వాళ్ళ కంబళ్ళు కొనేవాళ్ళున్నారు. మా గొంగళ్ళు ఇంటి దూలాల మీద పేరుకుపోయి ఎలుకలకు పనికొస్తున్నాయి. రెండు ఊళ్ళనూ అక్కచెల్లెళ్ళను చేస్తే మా ఊళ్ళో ఉన్ని కేంద్రం వస్తుందనీ, మా గొంగళ్ళు వాళ్ళు తీసుకుపోతారనీ జిల్లావాళ్ళు చెప్పారు. ఊరు ఊరంతా సున్నం వేసుకుని ఎదురుచూసింది.

వాళ్ళ ఊరి పెద్ద పేరు ఒర్నెల్లా. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఊరి మొదట్లో కారు దిగి, నవ్వుకుంటూ వచ్చి, దండం పెట్టబోతున్న ఐలవ్వను రెండు చేతులా దగ్గరికి తీసుకుని గట్టిగా కావలించుకుంది.

ఐలవ్వ ఏం చేస్తుంది? పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి మెడ చుట్టూ చేతులు పడితే ఏం చేస్తూ వచ్చిందో అదే చేసింది. శోకం ఎత్తుకుంది. ఎవరు పోయారో ఆమెకు తెలియదు. తెలియనప్పుడు లోపల ఏది ఉంటే అదే వస్తుంది.

“ఒక్క మాటకు ఎడమైతివే నా తోడవుట్టినదాన... నా నోరు గాలిపోను, నిన్ను నేనే దూరం జేసుకుంటినే...”

వెనక మంగళహారతులు పట్టుకుని ఉన్న ఆడవాళ్ళు పళ్ళేలు కింద పెట్టి అందుకున్నారు. బ్యాండువాళ్ళు ఆపేశారు. అరుగు మీది మగవాళ్ళం అలవాటు కొద్దీ తలపాగాలు తీశాం. ఇటలీవాళ్ళు కాసేపు బిత్తరపోయి, తరవాత ఫోన్లు బయటికి తీసి, మొదటి నుంచి చివరిదాకా పట్టుకున్నారు.

బీరవ్వ అక్కడ లేదు. ఏమీ వినబడనంత దూరాన మొగుడి మంచం దగ్గర ఉంది. అక్క ఏమని ఏడ్చిందో ఊరంతా విన్నది. ఆమె చెవిన వేసినవాళ్ళు ఒక్కరూ లేరు. కట్టుబాటు అట్లాంటిది.

జిల్లాకు తలకొట్టేసినట్లయింది. కాగితం వచ్చింది. “సదరు గ్రామమునందు అంతర్జాతీయ స్నేహాలింగనమునకు సామూహిక రోదనతో ప్రతిస్పందించుట యంత్రాంగమునకు తీరని అప్రతిష్ఠ కలిగించినది” అని అందులో ఉంది. ఇటలీవాళ్ళు మళ్ళీ వచ్చేలోపల గ్రామాన్ని ఆలింగన సంసిద్ధ గ్రామంగా తీర్చిదిద్దాలని ఉంది. లేకపోతే ఉన్ని కేంద్రం పక్క మండలానికి పోతుందని కూడా ఉంది. మాకు మొత్తం కాగితంలో అర్థమైంది ఆ చివరి ముక్క.

దీనికోసం ఒక ప్రత్యేకాధికారి వచ్చారు. ధనుంజయ సార్. అంతకుముందు ఆయన పశువులకు గాలికుంటు టీకాల ప్రచారం చూసేవారు. ఆయన వెంట హైదరాబాదు నుంచి సునయన మేడమ్ వచ్చింది. ఆమెకు కౌగిలింతల్లో సర్టిఫికెట్ ఉంది. ఇద్దరూ కలిసి పంచాయతీ గోడకు పెద్ద పట్టిక తగిలించారు.

పట్టికలో మొదటి గడి ఇంగ్లీషు, రెండో గడి ఇటలీ, మూడోది స్థానిక పదం. హగ్ అంటే అబ్బ్రాచ్చో. కడల్ అంటే కొక్కొలా. స్క్వీజ్ అంటే స్ట్రెత్తా. బేర్ హగ్, అంటే ఎలుగుబంటి పట్టు, అబ్బ్రాచ్చోనే. ఇట్లా కిందిదాకా ఉన్నాయి. ఏది ఎంత గట్టిగా, తల కుడికా ఎడమకా, వీపు మీద ఎన్నిసార్లు తట్టాలి, అన్నీ పక్కనే రాసి ఉన్నాయి. సునయన మేడమ్ మంచి మనిషి. ఒక్కొక్కటీ తానే గాలిని కావలించుకుని చూపించింది. మేము చాప మీద కూర్చుని, ఆమె చేతుల మధ్య ఎవరున్నారా అని చూశాం.

వారం తిరక్కుండా ఆడిట్‌వాళ్ళు అభ్యంతరం పెట్టారు. ఇంగ్లీషులో హగ్ అనీ ఎంబ్రేస్ అనీ రెండు ఐటములు చూపించి, ఇటలీ వైపు రెండింటికీ అబ్బ్రాచ్చో ఒక్కటే చూపించారు. రెండో అబ్బ్రాచ్చో ఏమైందో లెక్క చెప్పాలన్నారు. ధనుంజయ సార్ జిల్లాకు రెండుసార్లు తిరిగి, చివరికి “ఒకే అబ్బ్రాచ్చో ఉభయ ప్రయోజనముల నిమిత్తము వినియోగించబడినది” అని రాసిచ్చి ఆ గండం దాటారు.

మూడో గడిలో మాత్రం పై నుంచి కిందిదాకా ‘లేదు’ అని ఉంది. ఐలవ్వ చాలాసేపు దాన్ని చూసింది. అక్షరాలు కూడబలుక్కునేపాటి చదువు ఆమెకు ఉంది.

“లేకేమి సారూ. పట్టుకునుడు అంటం మేము.”

ధనుంజయ సార్ కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

“అది రోదన పద్దు కిందికి వస్తుందమ్మా. స్నేహాలింగనం హెడ్ వేరు. ఒక హెడ్ కింద మంజూరైనదాన్ని ఇంకో హెడ్‌కు మళ్ళించే అధికారం నాకు లేదు.”

పాఠం అయింది, అభ్యాసం మొదలైంది. చిక్కు అక్కడ వచ్చింది. ఎవరు ఎవర్ని కావలించుకోవాలి? వరసలో నిలబెట్టి ఎదురుగా ఎవరుంటే వాళ్ళను పట్టుకోమన్నారు. మల్లేశం ఎదురుగా వదిన ఉంది. అతడు చేతులు వెనక్కి కట్టుకుని, టీకా వేయమన్నా వేయించుకుంటాను గాని ఇది నా వల్ల కాదన్నాడు. సరే, ఆలుమగలు పట్టుకోండి అన్నారు. ఆడవాళ్ళు ఇంకా గట్టిగా కాదన్నారు. మల్లేశం భార్య సాయవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది:

“నడిబజార్ల మొగుణ్ణి పట్టుకుంటె ఆయినె సచ్చిండనుకుంటరు మేడమ్. సుట్టాలు బండ్లు గట్టుకోని ఒస్తరు.”

ఆడవాళ్ళు ఆడవాళ్ళనే పట్టుకోవచ్చని సార్ సడలింపు ఇచ్చారు. అది ఇంకా చెడింది. ఇద్దరు ఆడవాళ్ళ చేతులు ఒకరి మెడ మీద ఒకరికి పడగానే గొంతులు వాటంతట అవే లేచాయి. ఒకావిడ పోయిన ఏడు చచ్చిన మేనమామను అందుకుంది, ఇంకొకావిడ పుట్టగానే పోయిన బిడ్డను. సునయన మేడమ్ విజిల్ ఊదింది. విజిల్ శ్రుతిలో కలిసిపోయింది. కాసేపటికి మేడమ్ కూడా ఒక మూలకు పోయి, చనిపోయిన నాయనమ్మ గుర్తుకొచ్చిందంటూ ముక్కు తుడుచుకుంది.

చివరికి గొర్రెలను పెట్టారు. అది మేడమ్‌కు వచ్చిన ఆలోచనే. ఉన్ని కత్తిరించేటప్పుడు మేము గొర్రెను కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, మెడ కింద చెయ్యి వేసి పట్టుకుంటాం. అది చూసి ఆమె, ఇదిగో మీకు కొక్కొలా పుట్టుకతోనే వచ్చు అంది. ఆ రోజు నుంచి మనిషికో గొర్రె. పొద్దున్నే పంచాయతీ ముందు వరసగా కూర్చుని, మేడమ్ ‘అబ్బ్రాచ్చో’ అంటే మెత్తగా, ‘స్ట్రెత్తా’ అంటే గట్టిగా, ‘అబ్బ్రాచ్చోనే’ అంటే గొర్రె అరిచేదాకా పట్టుకునేవాళ్ళం. గొర్రెలు ఏమీ అనుకోలేదు. కొన్ని రోజులకు మేడమ్ గొంతు వినగానే అవే వచ్చి ఒళ్ళో కూర్చునేవి. నెలాఖరు నివేదికలో ‘లబ్ధిదారుల స్పందన మిక్కిలి ఆశాజనకం’ అని సార్ రాశారు. లబ్ధిదారులెవరో విడమర్చి రాయలేదు.

కానీ కాస్తెల్‌పెకోరా నుంచి గొర్రెలు రావు గదా, మనుషులు వస్తారు. మనిషిని పట్టుకుంటే మావాళ్ళకు ఏడుపు వస్తుంది. దీని మీద జిల్లాలో సమావేశం జరిగింది. కారణం కనిపెట్టారు. ఊళ్ళో అప్పుడప్పుడూ ఎవరో ఒకరు పోవడం, ఆడవాళ్ళు పోయి శోకాలు పెట్టడం వల్ల పాత అలవాటు మళ్ళీ మళ్ళీ బలపడుతోందట. శిక్షణ పొద్దున ఇస్తే సాయంత్రం చావింట్లో పోతోందట. అందుకని అతిథులు వచ్చి వెళ్ళేదాకా ఊళ్ళో ‘రోదన విరామం’ ప్రకటించాలని తేల్చారు. దానికి పంచాయతీ తీర్మానం కావాలన్నారు.

తీర్మానం కాగితం ముందు పెడితే ఐలవ్వ కలం పట్టుకుని ఆగింది.

“ఈ నడుమల ఎవలన్న సస్తె ఎట్ల సారూ?”

“మరణముల విషయంలో ఈ ఉత్తర్వు ఎంతమాత్రం జోక్యం చేసుకోదమ్మా. గ్రామస్థులు యథావిధిగా మరణించవచ్చు. ఆలింగనం మాత్రం పట్టిక ప్రకారం ఉండాలి. శబ్దం ఉండరాదు.”

ఐలవ్వ వీధి చివరి వైపు చూసింది. కొమురయ్య అప్పటికే గంజి మింగడం లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసునని మాకు తెలుసు. కానీ దూలాల మీద గొంగళ్ళున్న ఇళ్ళవాళ్ళందరం పంచాయతీ అరుగు మీదే ఉన్నాం. ఎవరమూ ఏమీ అనలేదు. అనకపోవడం మాకు బాగా వచ్చు. ఐలవ్వ సంతకం పెట్టింది.

కొమురయ్య ఆ వారంలోనే పోయాడు.

కబురు ఐలవ్వకు చేరేసరికి ఆమె గొర్రె దగ్గర ఉంది. చేతులు కూడా కడుక్కోకుండా బయలుదేరింది. నడుస్తూనే పెదవులు కదులుతున్నాయి. ఎన్నాళ్ళ నుంచో లోపల కట్టుకుంటూ వచ్చిన శోకం అది. తల్లి పోయిన రోజు అన్న మాటను వెనక్కి తీసుకునే శోకం. వీధిలో ఆడవాళ్ళందరూ గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. ఇన్నేళ్ళకు అక్కచెల్లెళ్ళు పట్టుకోబోతున్నారు.

బీరవ్వ వాకిట్లో ధనుంజయ సార్, సునయన మేడమ్ ముందే వచ్చి ఉన్నారు. పట్టికను చుట్టచుట్టి తెచ్చి, పందిరి గుంజకు కట్టారు. సార్ ముఖంలో నిజంగానే విచారం ఉంది. ఐలవ్వతో మెల్లగా చెప్పారు.

“ఏడో రకమమ్మా. ఓదార్పు. మృదువుగా, నిశ్శబ్దంగా. సర్పంచి గారే ఉల్లంఘిస్తే తీర్మానం చెల్లదు. తీర్మానం చెల్లకపోతే కేంద్రం ఉండదు. మీ ఊరి బాగు మీ చేతుల్లో ఉంది.”

ఐలవ్వ నోరు మూసుకుంది. పోయి చెల్లెలి మెడ చుట్టూ చేతులు వేసింది. బీరవ్వ అక్క భుజం మీద తల వాల్చి ఎదురుచూసింది. ముందు వచ్చినావిడ ఎత్తుకోవాలి, ఇంటావిడ అందుకోవాలి. అది పద్ధతి. ఐలవ్వ ఎత్తుకోలేదు. మేడమ్ వేళ్ళ మీద లెక్కపెట్టి, చాలన్నట్లు తల ఊపింది. చేతులు విడిపోయాయి.

మా ఊళ్ళో పట్టుకుని ఏడవకపోవడమంటే, నీ మొగుడు పోతే నాకేమీ పోలేదని చెప్పడం. అది తిట్టుకన్నా ఎక్కువ. బీరవ్వ తల ఎత్తి అక్క ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళకు మాట్లాడింది. శోకంలో కాదు, మామూలు గొంతుతోనే.

“మా ఆయినెను ఏడ్వనీకె ఒక్క మాట గుడ లేకపాయెనా అక్కా నీ తాన.”

ఐలవ్వ ఇంటికి పోయి తలుపు వేసుకుంది. కొమురయ్యను ఎత్తుకుపోతుంటే ఊళ్ళో ఒక్క గొంతు లేవలేదు. డప్పులవాళ్ళు కూడా, అడుగుదామంటే సార్ భోజనానికి పోయారని, కొట్టకుండా చంకలో పెట్టుకుని నడిచారు. దొడ్లలో గొర్రెలు మాత్రం అరిచాయి. వాటికి తీర్మానం వర్తించదు. అందుకని గొర్రెలు కాచుకుని బతికిన కొమురయ్యకు ఆ మాత్రం దక్కింది.

అతిథులు వచ్చేనాటికి పెద్దకర్మ ఇంకా కాలేదు. స్వాగతం పంచాయతీ ముందర. అక్కడికి వీధి చివరి బీరవ్వ ఇల్లు కనిపిస్తుంది. ఆమె అరుగు మీద తెల్లచీరలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంటుంది, కదలదు. విదేశీయుల కంట అది పడరాదని జిల్లా నుంచి ఒక పెద్ద తెర తెప్పించి, అరుగుకు అడ్డంగా కట్టారు. తెర మీద రెండు ఊళ్ళ పేర్లు, నడుమ రెండు గొర్రెలు కావలించుకుని ఉన్న బొమ్మ. ఖర్చు పద్దులో దాన్ని ‘విషాద దృశ్య నివారణ ఏర్పాటు’ అని చూపించారు.

మేము కొత్త పంచెలు కట్టుకుని, పట్టికలో ఉన్న వరసలో నిలబడ్డాం. ధనుంజయ సార్ ప్రతి మనిషి దగ్గరికి వచ్చి, ఏడుపొస్తే నాలుక కొరుక్కోండి అని చెప్పి పోయారు. ఐలవ్వ అందరికన్నా ముందు నిలబడింది. కొమురయ్య పోయినప్పటి నుంచి ఆమె సరిగా తిన్నది లేదు. చూస్తేనే తెలుస్తోంది.

కార్లు వచ్చాయి. ఒర్నెల్లా దిగింది. ఆమె వెనక కాస్తెల్‌పెకోరావాళ్ళు, ఆడా మగా, ఒక వరసలో నిలబడ్డారు. వాళ్ళ ముఖాల్లో పోయినసారి ఉన్న నవ్వు లేదు. పరీక్షకు వచ్చిన పిల్లల్లా ఉన్నారు. ఐలవ్వ రెండడుగులు ముందుకు వేసి, చేతులు చాచి, నేర్పినట్లే స్పష్టంగా ‘అబ్బ్రాచ్చో’ అంది. తల కుడికి పెట్టి, ఒర్నెల్లాను కావలించుకుని, వీపు మీద తట్టి, చప్పుడు చేయకుండా నిలబడింది. ధనుంజయ సార్ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలారు.

అప్పుడు ఒర్నెల్లా శోకం ఎత్తుకుంది.

వాళ్ళకూ ఒక ఆఫీసు ఉంటుంది గదా. మొదటిసారి వచ్చి పోయాక వాళ్ళ ఆఫీసువాళ్ళు ఫోన్లలోది విని, బీరన్నగూడెంలో కావలింతకు ఇదీ మర్యాద అని తేల్చారట. తమవాళ్ళు ఉత్తగా కావలించుకుని మమ్మల్ని అవమానించారని నొచ్చుకున్నారట. ఒక సంఘం వేసి, సంగీతం మాస్టారును పెట్టి, ఐలవ్వ ఏడ్చినదంతా అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టారట. ఇదంతా తరవాత వాళ్ళ వెంట వచ్చిన దుబాసీ చెప్పాడు. అప్పుడు మాకు తెలిసింది ఒక్కటే. ఆ దొరసాని ఐలవ్వ భుజం మీద తల వాల్చి, ఐలవ్వ రాగంతోనే పెద్ద గొంతు పెట్టి ఏడుస్తోంది.

“ఒక్క మాతకు ఎదమైతివే నా తోదవుత్తినదాన... నా నోరు గాలిపోను...”

వెనక వాళ్ళ ఊరంతా అందుకుంది. మగవాళ్ళు కూడా. మాట వంకరపోయింది గాని రాగం వంకరపోలేదు. ఐలవ్వకు తన శోకం తన చెవిలోకే తిరిగి వచ్చింది. ఆమె నాలుక కొరుక్కునే ఉంది. ధనుంజయ సార్ దూరం నుంచి రెండు చేతులూ కిందికి ఊపుతున్నారు, శబ్దం వద్దని. ఎవరికి చెబుతున్నారో ఆయనకూ తెలియడం లేదు. ఇటలీవాళ్ళకు ఉత్తర్వులిచ్చే అధికారం ఆయనకు లేదు.

“నిన్ను నేనే దూరం జేసుకుంతినే...” అని కాస్తెల్‌పెకోరా మొత్తం ఏడ్చింది.

తెర కదిలింది. కావలించుకున్న గొర్రెల బొమ్మ మధ్యకు ముడుచుకుపోయింది. దాని కింది నుంచి వంగి బీరవ్వ బయటికి వచ్చింది. అక్క గొంతు ఆమెకు తెలుసు. ఆ గొంతు దొరసాని నోట్లో ఎందుకుందో తెలియదు. కానీ శోకంలోది శోకంలోనే విన్నది. ఎవరూ మోసుకొచ్చి చెప్పింది కాదు. మేము అందరం పక్కకు జరిగాం. ఐలవ్వ చూసింది. ఒర్నెల్లా చేతుల్లోంచి మెల్లగా బయటపడి, చెల్లెలి వైపు నడిచింది.

ఈసారి ఇద్దరిలో ముందు ఎవరు ఎత్తుకున్నారో చెప్పలేను. బీరవ్వ, నడుము వడ్డోన్ని ఇడిసి ఎట్లొద్దునే అక్కా అని అన్నేళ్ళ జవాబు ఇప్పుడు చెప్పుకుంది. ఐలవ్వ, నా మరిది మందకు పెద్దాయెనే, ముద్ద మింగక మూగవోయెనే అని కొమురయ్యను మొదటి నుంచి అందుకుంది. ఆ తరవాత ఊరు ఊరంతా కలిసింది. చప్పుడు లేకుండా సాగనంపిన మనిషికి ఆలస్యంగానైనా పూర్తి శోకం జరిగింది. డప్పులవాళ్ళు సార్‌ను అడగకుండానే కొట్టారు. ఇటలీవాళ్ళు తమకు వచ్చిన రెండు ముక్కలనే మళ్ళీ మళ్ళీ అందించారు. సునయన మేడమ్ ఈసారి మూలకు కూడా పోలేదు.

ఇటలీవాళ్ళు చాలా సంతోషపడి వెళ్ళారు. ఇంత బాగా ఏడ్చే ఊరిని ఎక్కడా చూడలేదని దుబాసీతో చెప్పించారు. గొంగళ్ళు కొన్ని కప్పుకుని, కొన్ని కార్లలో వేసుకుని పోయారు. ఉన్ని కేంద్రానికి ఆ రోజే శంకుస్థాపన అయింది. రాయి అట్లాగే ఉంది. ఎండాకాలం చల్లగా ఉంటుందని దాని మీద గొర్రెలు పడుకుంటున్నాయి.

జిల్లా నుంచి మెప్పు కాగితం వచ్చింది. దాని వెనకే ఇంకో కాగితం వచ్చింది. మిగతా మండలాల్లో కూడా విశిష్ట అతిథులను శోకంతోనే ఆహ్వానించాలని, ఏడుపు రానివారికి శిక్షణ ఇవ్వాలని అందులో ఉంది. శోకానికి ఇంగ్లీషులో, ఇటలీలో ఏమంటారో పట్టిక తయారవుతోందట. మొన్న పక్క మండలంలో కొత్త బస్టాండు తెరవడానికి వచ్చిన పెద్దమనిషిని ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని శోకం ఎత్తుకుంటే, ఆయన రిబ్బను కత్తిరించకుండానే ఆస్పత్రికి పోయి అన్ని పరీక్షలూ చేయించుకున్నాడని విన్నాం.

ధనుంజయ సార్ చివరిసారి వచ్చింది పెద్దకర్మ అయ్యాక. నివేదిక ముగించాలట. అతిథుల సమక్షంలో జరిగిన ప్రతి ఆలింగనం ఏ రకమో నమోదు చేయాలట. అన్నీ నిండాయి, ఒకటి మిగిలింది. బీరవ్వ అరుగు మీద అక్కచెల్లెళ్ళిద్దరూ కూర్చుని ఉన్ని చిక్కు తీస్తున్నారు. సార్ నిలబడే ఉండి, కలం మూత తీసి, ఆ రోజు మీరిద్దరూ చేసుకున్నది పట్టికలో ఎన్నో రకమమ్మా అని అడిగారు. హగ్గా, ఎంబ్రేసా, అబ్బ్రాచ్చోనేనా.

ఐలవ్వ ఇంకో పోగు చిక్కు తీసింది. బీరవ్వ చేతిలో ఉన్ని అట్లాగే పట్టుకుని ఆయన వైపు చూసింది.

“మా ఆయిన సచ్చిండు సారూ. మా అక్క ఒచ్చింది. గది ఏ గడిల వడ్తదో నువ్వే రాసుకో.”

ధనుంజయ సార్ కాగితం పై నుంచి కిందిదాకా ఒకసారి చూశారు. తరవాత అట్టడుగున ఉన్న గడిలో, గుండ్రటి అక్షరాలతో, ‘ఇతరములు’ అని రాసుకుని వెళ్ళిపోయారు.